వెడల్పు మొహం ఉన్నవాడే ముందు చెయ్యెత్తుతాడా?

టాపిక్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. గ్యాలరీలోంచి మీ ఫోటో ఒకటి తీయండి. సెల్ఫీ వద్దు, ఎవరైనా నాలుగైదు అడుగుల దూరం నుంచి ఎదురుగా తీసింది కావాలి. సెల్ఫీ ఎందుకు వద్దో తర్వాత చెప్తాను. ఇప్పుడు ఆ ఫోటో మీద రెండు గీతలు ఊహించుకోండి. మొదటిది అడ్డగీత. ఈ పక్క చెంప ఎముక చివర నుంచి ఆ పక్క చెంప ఎముక చివర దాకా. రెండోది నిలువు గీత. కనుబొమల మధ్య నుంచి పై పెదవి పై అంచు దాకా. అడ్డగీత పొడవుని నిలువు గీత పొడవుతో భాగించండి. చాలామందికి 2కి కాస్త అటూ ఇటూగా వస్తుంది.

ఈ లెక్క పేరు ఫేషియల్ విడ్త్ టు హైట్ రేషియో. మనం మొహం నిష్పత్తి అనుకుందాం. అంకె పెరిగేకొద్దీ మొహం వెడల్పు, తగ్గేకొద్దీ కోలమొహం. ఈ అంకె ఎక్కువున్న మగాడు డామినెంట్, కోపిష్టి, ఆల్ఫా అని, తక్కువున్నవాడు మెతక అని చెప్పే రీల్స్ మీరు చూసే ఉంటారు. స్కేలు పెట్టి హీరోల మొహాలు కొలుస్తుంటారు, వెనకాల ఒక భయంకరమైన మ్యూజిక్. నేనూ చూశాను. చూసి నవ్వుకుని వదిలేసేవాడినే. కానీ ఈ విషయంలో నేను ఒకసారి ఒక తప్పు చేశాను. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు సైన్స్ ఏం చెప్పిందో చూద్దాం, ఎందుకంటే ఆ రీల్స్ పూర్తిగా గాల్లోంచి పుట్టినవి కావు. 2007లో ఎలినోర్ వెస్టన్ అనే పరిశోధకురాలు, ఆమె టీమ్ పుర్రెలు కొలిచి ఒక పేపర్ రాశారు. యుక్తవయసులో మగపిల్లల మొహం పొడవుతో పోలిస్తే వెడల్పు ఎక్కువ పెరుగుతుందని, ఒళ్ళు పెరగడానికీ దీనికీ సంబంధం లేదని వాళ్ళు అన్నారు. మరుసటి ఏడాదే, అంటే 2008లో, కెనడాలోని బ్రాక్ యూనివర్సిటీ నుంచి జస్టిన్ కారే, చెరిల్ మెకార్మిక్ దీన్ని కోపంతో ముడిపెట్టారు.

వాళ్ళు చేసిన ప్రయోగం సరదాగా ఉంటుంది. కాలేజీ స్టూడెంట్స్‌ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక గేమ్ ఆడించారు. ఒక బటన్ నొక్కుతూ ఉంటే పాయింట్లు వస్తాయి. అవతల ఇంకో ఆటగాడు ఉన్నాడని చెప్తారు, నిజానికి ఎవడూ ఉండడు. మధ్యమధ్యలో మీ పాయింట్లు పోతుంటాయి, వాడే దొంగిలించాడని స్క్రీన్ మీద వస్తుంది. ఇంకో బటన్ నొక్కితే మీరు వాడి పాయింట్లు తీసేయొచ్చు. కానీ అవి మీకు రావు. అంటే ఆ బటన్ నొక్కడంలో లాభం ఏమీ లేదు, కసి తీర్చుకోవడం తప్ప. మొహం నిష్పత్తి ఎక్కువున్న మగపిల్లలు ఆ బటన్ ఎక్కువసార్లు నొక్కారు. ఆడపిల్లల్లో అలాంటి సంబంధం కనబడలేదు.

తర్వాత ఐస్ హాకీ ప్లేయర్ల ఫోటోలు తీసుకున్నారు. హాకీయే ఎందుకంటే, ఐస్ హాకీలో గ్రౌండ్ మీదే బాహాబాహీ కొట్టుకుంటారు, తప్పు చేసినవాడిని కొన్ని నిమిషాలు పక్కన ఒక డబ్బాలాంటి గదిలో కూర్చోబెడతారు. ఆ నిమిషాలన్నీ రికార్డులో ఉంటాయి. కోపాన్ని నిమిషాల్లో కొలిచి పెట్టిన ఆట ఇంకెక్కడ దొరుకుతుంది? యూనివర్సిటీ టీమ్‌లోనూ, కెనడాలోని ప్రొఫెషనల్ టీమ్‌ల్లోనూ వెడల్పు మొహం వాళ్ళకి పెనాల్టీ నిమిషాలు ఎక్కువున్నాయని తేలింది.

2009లో ఇంకో మెట్టు ఎక్కారు. ఆ గేమ్ ఆడిన మగపిల్లల ఫోటోలు కొత్తవాళ్ళకి చూపించి, వీడికి ఎంత కోపం ఉండొచ్చో అంచనా వేయమన్నారు. కొన్ని ఫోటోలు చూపించింది 39 మిల్లీసెకన్లు మాత్రమే. మనం రెప్ప వేయడానికి పట్టే టైంలో సగం కూడా కాదు అది. ఆ కాస్త టైంలోనే జనం దాదాపు ఒకే మాట చెప్పారు. వెడల్పు మొహం అంటే కోపిష్టి.

ఆ 39 మిల్లీసెకన్ల దగ్గరే నేను చదవడం ఆపేశాను. ఎందుకో చెప్తాను.

బీటెక్ సెకండ్ ఇయర్‌లో నేను హాస్టల్లో ఉండేవాడిని. మా ఫ్లోర్‌లో ఒకడు ఉండేవాడు. గుండ్రటి తలకాయ, చెంపలు బాగా వెడల్పు, కనుబొమలు కళ్ళ మీదకి దిగి ఉండేవి. నవ్వకపోతే ఇప్పుడే ఎవడినో కొట్టి వచ్చినట్టు ఉండేవాడు. మేమందరం వాడిని విలన్ అని పిలిచేవాళ్ళం. వాడూ పలికేవాడు. లాబ్ రికార్డు రాసుకోవడానికి ఎవడికి కావాలన్నా ఇచ్చేవాడు, అది వేరే సంగతి.

ఒకరోజు రాత్రి మెస్‌లో గొడవ. నేను చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్ళి ఉన్నాను, అరుపులు విని లోపలికి వచ్చేసరికి వీడు ఇంకొకడి కాలర్ పట్టుకుని ఉన్నాడు. ఆ ఇంకొకడు సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, బుద్ధిమంతుడిలా ఉండేవాడు. వాడి చొక్కా చిరిగి ఉంది. వార్డెన్ వచ్చి, ముందు ఎవడు చెయ్యి చేసుకున్నాడు అని అడిగాడు. నలుగురం ఉన్నాం. నేనే అన్నాను, "వీడే సార్" అని. చూపించింది విలన్ వైపు. వాడు నన్ను ఒక్కసారి చూశాడు, ఏమీ అనలేదు. వాడు అలా చూడటం కూడా నాకు బెదిరింపులాగే అనిపించింది.

వాడిని ఆ సెమిస్టర్ హాస్టల్ నుంచి పంపించేశారు. రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు, రెండు గంటలు ఇటు, రెండు గంటలు అటు. ఫైనల్ ఇయర్‌లో, మాకు వడ్డించే అన్న ఏదో మాటల్లో అన్నాడు, "ఆ రోజు ఆ కళ్ళద్దాల బాబు స్టీలు గ్లాసుతో కొట్టాడు కదయ్యా, రెండోసారి కొట్టకుండా ఆ పిల్లోడు పట్టుకున్నాడు" అని. నేను నిజానికి ఏమీ చూడలేదు. కానీ చూశాననే అనుకున్నాను. ఇది గమనించండి, నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ మొహం చూడగానే నా బుర్రలో మొత్తం సీన్ తయారైపోయింది.

సరే, మళ్ళీ సైన్స్‌కి వద్దాం. ఆ హాకీ రీసెర్చ్ వచ్చాక ఏం జరిగిందనేది ఏ రీల్‌లోనూ చెప్పరు.

2012లో రాబర్ట్ డీనర్, ఆయన టీమ్ అదే హాకీని మళ్ళీ తీసుకున్నారు. ఈసారి కెనడా టీమ్‌లే కాదు, లీగ్ మొత్తం. మొహం నిష్పత్తి పనిచేయలేదు. పనిచేసింది ఒళ్ళు బరువు. బరువైన ప్లేయర్లే ఎక్కువ కొట్లాటల్లో ఉన్నారు. ఆ ఆటలో కొట్లాటకని ప్రత్యేకంగా దించే భారీ మనుషులు ఉంటారు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. పైగా ఒళ్ళు చేస్తే చెంపలూ నిండుతాయి కదా. ఫోటో మీద అడ్డగీత కొలిచేవాడు ఎముక కొలుస్తున్నాడో, కండ కొలుస్తున్నాడో, మొన్నటి పెళ్ళి భోజనం కొలుస్తున్నాడో చెప్పడం కష్టం.

మగవాళ్ళ మొహం ఆడవాళ్ళ మొహం కన్నా ఈ లెక్కలో వెడల్పు అన్న మొదటి మాట కూడా తర్వాత వేరే దేశాల్లో కొలిచినప్పుడు నిలబడలేదు. మరి టెస్టోస్టెరాన్? రీల్స్ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, వెడల్పు మొహం అంటే ఒంట్లో హార్మోన్ ఎక్కువని. 2016లో చాలామంది మగవాళ్ళ డేటా కలిపి చూస్తే అలాంటి సంబంధం కనబడలేదు. ఆ పేపర్ రాసినవాళ్ళలో ఎవరున్నారో తెలుసా? జస్టిన్ కారే. 2008లో హాకీ పేపర్ రాసిన మనిషే. తను మొదలుపెట్టిన కథలో ఒక ముక్క నిలబడలేదని తనే చెప్పాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

2017లో మిహాల్ కొసిన్‌స్కీ ఇంకా పెద్ద లెక్క వేశాడు. 1,37,163 మంది. వాళ్ళ మొహం నిష్పత్తికీ, తమ కోపం గురించి, స్వభావం గురించి వాళ్ళే ఇచ్చిన జవాబులకీ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. మన గురించి మనం రాసుకునే జవాబులు ఎంత నిజమో అని మీకు డౌట్ రావచ్చు, న్యాయమైన డౌటే. అందుకని ఇంకో అంకె చెప్తాను. మగవాళ్ళు నిజంగా ఎలా ప్రవర్తించారో చూసిన స్టడీస్ అన్నీ కలిపి 2015లో ఒక లెక్క తీశారు. సంబంధం ఉంది, కానీ 0.11. పూర్తి సంబంధం ఉంటే 1, అసలు లేకపోతే సున్నా. 0.11ని 0.11తో గుణించండి, 0.012 వస్తుంది. అంటే మగవాళ్ళ మధ్య కోపంలో ఉన్న తేడాల్లో నూటికి ఒక వంతు ఈ మొహం వెడల్పుతో కలిసి నడుస్తోంది. మిగతా 99 వంతులకీ దీనికీ సంబంధం లేదు.

కానీ, ఇక్కడే అసలు విషయం ఉంది. మొహానికీ కోపానికీ ఉన్న సంబంధం అంత సన్నగా ఉంటే, మొహానికీ మనం ఊహించుకునే కోపానికీ ఉన్న సంబంధం దానికన్నా చాలా బలంగా ఉంది. వెడల్పు మొహం చూడగానే కోపిష్టి అనుకోవడంలో జనం గట్టిగానే ఏకాభిప్రాయంతో ఉన్నారు. అంటే ఈ అంకె చెప్పేది ఆ మొహం ఉన్నవాడి గురించి తక్కువ, చూసేవాడి గురించి ఎక్కువ. మెస్‌లో ఆ అంకె విలన్ గురించి కాదు, నా గురించి చెప్పింది.

మన బుర్ర ఎందుకిలా చేస్తుంది? అద్దం ముందు నిలబడి కోపం తెచ్చుకోండి. కనుబొమలు కిందకి దిగుతాయి. పై పెదవి కాస్త పైకి లేస్తుంది. అంటే మనం ముందు అనుకున్న నిలువు గీత చిన్నదవుతుంది. అడ్డగీత అలాగే ఉంటుంది. లెక్క ప్రకారం నిష్పత్తి పెరుగుతుంది. కోపం వచ్చినప్పుడు అందరి మొహమూ కాసేపు వెడల్పు మొహమే. కొంతమందికి పుట్టుకతోనే ఆ కొలత ఉంటుంది, వాళ్ళు మామూలుగా ఉన్నా మన కళ్ళకి కోపంగా ఉన్నట్టే. ప్రిన్స్‌టన్‌లో నికోలాస్ ఊస్టర్‌హోఫ్, అలెగ్జాండర్ తొదరోవ్ 2008లో కంప్యూటర్‌తో మొహాలు తయారుచేసి చూపించారు. కొత్త మొహం కనబడగానే మనం ముఖ్యంగా రెండు విషయాలు చూస్తాం. వీడిని నమ్మొచ్చా, వీడు నన్ను ఏమైనా చేయగలడా. ఆ రెండోదే డామినెన్స్.

ఇంకో ప్రయోగం ఇప్పుడే చేసి చూడండి. మొహంలో ఏ భావమూ పెట్టకుండా, తల మాత్రం కొద్దిగా కిందకి వంచి, కళ్ళతో కెమెరాకేసి చూడండి. ఫోటో తీయండి. కనుబొమలు కదిలించకపోయినా వి ఆకారంలో దిగినట్టు కనబడతాయి. ఎముక మారలేదు, కండరం కదల్లేదు, మెడ వంగిందంతే. 2019లో జకరీ విట్‌కోవర్, జెస్సికా ట్రేసీ ఇదే చూపించారు. తల వంచిన మామూలు మొహాన్ని జనం ఎక్కువ డామినెంట్ అనుకున్నారు. మన సినిమాల్లో విలన్ ఎంట్రీ షాట్ గుర్తు తెచ్చుకోండి, తల వంచి ఉంటుంది, కళ్ళు మాత్రం పైకి లేస్తాయి. మన కెమెరామెన్‌లకి ఈ సంగతి పేపర్లు చదవకుండానే తెలుసు.

సినిమా మాట వచ్చింది కాబట్టి ఒక నిమిషం. నిండు మొహం ఉంటే విలన్ అనే లెక్క ఎస్వీ రంగారావు గారి దగ్గరే తేలిపోతుంది. ఆ మొహంతోనే 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడై పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరినీ నవ్వించారు. కోట శ్రీనివాసరావు గారు 1985లో ప్రతిఘటనలో భయపెట్టారు, 1987లో అహ నా పెళ్ళంటలో అదే మొహంతో పిసినారి మామగారై నవ్వించారు. ఇక 1989లో శివలో భవానీ గుర్తున్నాడా? రఘువరన్. సన్నటి మనిషి, కోలమొహం, గట్టిగా అరవడు కూడా. రీల్స్ లెక్కలో ఆయన మెతక. ఒక తరం కాలేజీ కుర్రాళ్ళకి చెమటలు పట్టించాడు.

నవ్వుకోవడం వరకు బాగానే ఉంది. కానీ మొహం చూసి మనిషిని తేల్చడానికి పాత చరిత్ర ఉంది, అది నవ్వుకునేది కాదు. 1876లో ఇటలీలో చెజారే లాంబ్రోజో పెద్ద దవడలు, ఎత్తైన చెంప ఎముకలు పుట్టు నేరస్తుల గుర్తులని పుస్తకం రాశాడు. దాదాపు అదే కాలంలో లండన్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఖైదీల ఫోటోలు ఒకదాని మీద ఒకటి వేసి, నేరస్తుడి అసలు మొహం బయటికి లాగాలని చూశాడు. తీరా వచ్చింది ఒక మామూలు మనిషి మొహం, విడివిడి ఫోటోల కన్నా బాగుంది కూడా. 1913లో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఇంగ్లీషు ఖైదీలని కొలిచి బయటివాళ్ళతో పోల్చాడు. నేరస్తుడి మొహం అంటూ ప్రత్యేకంగా ఏదీ దొరకలేదు. మనవైపు కూడా ఈ కొలతల పిచ్చి వచ్చింది. మద్రాస్ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మనుషుల ముక్కులు, తలలు కొలిచి, 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. మన తాతముత్తాతల ముక్కులూ అందులో ఉన్నాయి.

అది పాతకాలం అనుకోకండి. 2015లో టొరంటోలో జాన్ పాల్ విల్సన్, నికోలస్ రూల్ అమెరికాలోని ఫ్లోరిడా ఖైదీల ఫోటోలు తీసుకున్నారు. అందరూ హత్య కేసులవాళ్ళే. కొందరికి యావజ్జీవం, కొందరికి మరణశిక్ష. ఎవరికి ఏ శిక్ష పడిందో తెలియనివాళ్ళకి ఫోటోలు చూపించి, వీడిని ఎంత నమ్మొచ్చో చెప్పమన్నారు. ఇక్కడ అడిగింది కోపం గురించి కాదు, నమ్మకం గురించి. మరణశిక్ష పడ్డవాళ్ళ మొహాలకి తక్కువ మార్కులు వచ్చాయి. తర్వాత, చేయని నేరానికి శిక్ష పడి, నిర్దోషులని తేలి బయటికొచ్చినవాళ్ళ ఫోటోలు కూడా చూపించారు. వాళ్ళలోనూ అదే వరస. అంటే మొహం వాళ్ళ నేరాన్ని బయటపెట్టింది అనడానికి అక్కడ నేరమే లేదు.

నాది హాస్టల్ వార్డెన్ ముందు ఒక్క మాట. అక్కడ మరణశిక్ష.

ఇంకొక స్టడీ నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. 2013లో మైకేల్ హేసెల్‌హున్, ఆయనతో పనిచేసినవాళ్ళు డబ్బు పంచుకునే ఆట ఆడించారు. అవతలివాడి మొహం వెడల్పుగా ఉంటే, వీడెలాగూ స్వార్థపరుడే అనుకుని జనం ముందే స్వార్థంగా ఆడారు. అలా ఆడితే అవతలివాళ్ళూ తిరిగి స్వార్థంగానే ఆడారు. ఆ 0.11లో కూడా ఎంత భాగం ఎముకదో, ఎంత భాగం మనం వాళ్ళతో ప్రవర్తించే తీరుదో ఆలోచించండి. చిన్నప్పటి నుంచి విలన్ అని పిలిస్తే, ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు ఆ పాత్ర చేసి చూపిస్తాడు కదా. మావాడు చేయలేదు. అది వాడి గొప్పతనం, మాది కాదు.

ఇప్పుడు తమ్ముళ్ళకి ఒక మాట. నాకు మెసేజ్‌లు వస్తుంటాయి, అన్నా జా లైన్ ఎలా తెచ్చుకోవాలి, మ్యూయింగ్ చేస్తే చెంప ఎముకలు పెరుగుతాయా అని. నాలుక అంగిట్లో నొక్కిపెట్టి కూర్చుంటే పెద్దయ్యాక చెంప ఎముక వెడల్పవ్వదు. గట్టి గమ్ నమిలితే దవడ మూల దగ్గర కండ కాస్త పెరగొచ్చు, దవడ నొప్పి కూడా రావచ్చు. కానీ మనం మాట్లాడుకున్న అడ్డగీత చెంప ఎముకల దగ్గర ఉంది, గమ్ అక్కడికి చేరదు. ఇక సెల్ఫీ ఎందుకు వద్దన్నానంటే, అడుగు దూరంలో కెమెరా పెడితే దగ్గరున్న ముక్కు పెద్దగా, దూరంగా ఉన్న చెవుల వైపు భాగం చిన్నగా పడుతుంది. అయిదు అడుగుల దూరం నుంచి తీసిన దానితో పోలిస్తే మగవాళ్ళ ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టారు. సెల్ఫీ చూసుకుని నాది సన్నమొహం అని దిగులుపడేవాళ్ళు ముందు ఫోన్ వేరేవాళ్ళ చేతికిచ్చి ఒక ఫోటో తీయించుకోండి.

ఈ ఎపిసోడ్ చేసే ముందు విలన్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడిని ఆ పేరుతో పిలవను, పాత అలవాటు మీద ఇక్కడ వాడాను. మెస్ సంగతి వాడికి తెలుసు, నాకు అసలు విషయం తెలిసిన రోజే వెళ్ళి చెప్పాను. అప్పుడు వాడు "పోనీలేరా" అన్నాడు. నాలుగు గంటల బస్సు ప్రయాణాలు ఒక సెమిస్టర్ అంతా చేసినవాడు పోనీలేరా అంటే ఆ మాట నాకు తేలిగ్గా దిగలేదు. ఈసారి కాసేపు మాట్లాడాడు. ఇప్పటికీ రాత్రిపూట బండి మీద వెళ్తుంటే చెకింగ్‌లో తననే ముందు ఆపుతారట. ఇంటర్వ్యూలకి వెళ్ళే ముందు అద్దంలో చూసుకుని కనుబొమలు పైకెత్తి మాట్లాడటం ప్రాక్టీస్ చేసేవాడట. ఇంట్లో కూతురికి మాత్రం ఈ గోలేమీ తెలియదు, నాన్న చెంపలు లాగి ఆడుకుంటుంది.

నీ కథ వీడియోలో చెప్పనా అని అడిగాను.

"చెప్పుకో," అన్నాడు. "ఫోటో మాత్రం పెట్టకురా."